అంకణాన్ని గజం చెయ్యని ఎడిటర్
(నెల్లూరులో నవలా రచయితల కోసం చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. కావలి నుంచి, ఒంగోలు నుంచి కూడా వచ్చినట్టున్నారు. బస్సులు దొరికే వేళకు ముగిస్తాను.

ముందుగా ఒక వాక్యం. "అరవై అంకణాల స్థలం అమ్మి కూతురి పెళ్లి చేశాడు." నెల్లూరు వాళ్లకు ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. మన దగ్గర ఇళ్ల స్థలం లెక్క అంకణాల్లోనే. అంకణం గజం కంటే ఎన్నో రెట్లు పెద్ద కొలత. ఇప్పుడు ఈ వాక్యాన్ని ఎక్కడో దూరాన ఉన్న ఎడిటర్ చూస్తాడు. పాఠకులకు అంకణం తెలియదేమో అనుకుంటాడు. మాట కొట్టేసి "అరవై గజాలు" చేస్తాడు. చదవడానికి వాక్యం బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ నాన్న మాత్రం పెద్ద స్థలం ఉన్న ఆసామి కాస్తా 60 గజాల పేదవాడు అయిపోయాడు. ఇంకో నలభై పేజీల తర్వాత ఆ స్థలం గురించే అన్నదమ్ములు కోర్టుకెక్కితే, 60 గజాలకు ఇంత గొడవేందని పాఠకుడు విసుక్కుంటాడు. తిట్లు రచయితకు. మాట మార్చినాయన పేరు ఎవరికీ తెలియదు.

ఇదే ఎడిటర్ పక్కన "అంకణం అంటే ఎంత? బయటి పాఠకుడికి తెలిసే దారి ఏదైనా పెడదామా?" అని రాసి ఉంటే సరిపోయేది. మీరు ఇంకో చోట "అరవై అంకణాలంటే మాటలా, రెండిళ్లు కట్టుకోవచ్చు" అని ఒక పాత్ర చేత అనిపించి ఉండేవాళ్లు. తెలియనిదాన్ని మార్చేవాడు ఒకరు, అడిగేవాడు ఇంకొకరు. ఎవరిని ఎంచుకోవాలన్నదే ఈ సాయంత్రం మాట్లాడుకోబోయేది.

ఎంచుకునే ముందు, మీకు కావలసిన పని ఏదో మీకే తెలియాలి. మనకు ఎడిటింగ్ అనే ఒక్క మాట ఉంది. సంపాదకుడు అంటే పత్రిక గుర్తొస్తుంది కాబట్టి ఎడిటర్ అనే అందాం. ఆ మాట కింద నాలుగు పనులున్నాయి. మొదటిది కథ నిర్మాణం చూడటం. ఏ అధ్యాయం ఎక్కడ ఉండాలి, ఏ పాత్ర ఎందుకుంది, మధ్యలో కథ ఎందుకు కూలబడింది, ఎవరి కళ్లతో చెబుతున్నాం. ఈ పని చేసే మనిషి మీ వాక్యాలను ముట్టుకోడు. ఐదు నుంచి పదిహేను పేజీల నివేదిక ఇస్తాడు. రెండోది వాక్యాలు చూడటం, అంటే వాక్యం చెవికి ఎలా మోగుతోంది, పునరుక్తి, సాగదీత. మూడోది కాపీ ఎడిటింగ్, అంటే వర్ణక్రమం, పేర్లు, తేదీలు, లెక్కలు, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే పద్ధతి. నాలుగోది ప్రూఫులు, డీటీపీ (కంప్యూటర్లో పేజీలు పేర్చడం) అయ్యాక పేజీల మీద దిద్దేది.

ఈ వరస తిరగబడితే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. రాతప్రతి నేరుగా డీటీపీకి పోతుంది. ప్రూఫులు దిద్దే ఆయనే "కథ మధ్యలో కొంచెం స్లో అయింది సార్" అంటాడు. పాపం, ఆయన చెప్పింది నిజమే. కానీ అప్పుడు మూడు అధ్యాయాలు తీసేస్తే పేజీలన్నీ కదులుతాయి, డీటీపీకి మళ్లీ కట్టాలి, దిద్దిన ప్రూఫులు దండగ.

ఎవరెవరు ఎడిటర్లు కారో కూడా చెప్పాలి. కొందరికి కోపం రావచ్చు. ముందుమాట రాసే పెద్దమనిషి ఎడిటర్ కాదు. ఆయన పని ఆశీర్వదించడం, మంచి చెప్పడానికే చదువుతాడు. కళాశాలలో తెలుగు చెప్పే మాస్టారు గొప్ప పండితుడే కావచ్చు, కానీ దిద్దడం అంటే ఆయనకు జవాబు పత్రం. "వస్తా ఉండా" కనబడగానే ఎర్రసిరా దానంతట అదే నడుస్తుంది. దినపత్రికలో పనిచేసే సబ్ ఎడిటర్ దగ్గర మంచి విద్య ఉంది. కుదించడం తెలుసు, వర్ణక్రమం గట్టి. గడువంటే గడువే. చిక్కల్లా ఎక్కడంటే, ప్రతి పత్రికకూ ఒక భాషా పద్ధతి ఉంటుంది, అది ఏళ్ల తరబడి చేతికి అలవాటైపోతుంది. వార్తకు వాక్యం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. నవలలో పొడుగు వాక్యం ఒక్కోసారి కావాలనే రాస్తాం. కాబట్టి పత్రిక మనిషిని వద్దనను, కాపీ ఎడిటింగ్‌కు అలాంటివాళ్లు దొరకడం అదృష్టం. కథ నిర్మాణానికి మాత్రం నవలలు పని చేసిన వాళ్లే కావాలి. కవిత్వం, వ్యాసాలు, అనువాదాలు సరిచేసిన అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది.

సీరియల్‌గా వచ్చిన నవలను పుస్తకం చేసుకునేవాళ్లకు ఒక్క మాట. వారం వారం చదివేవాళ్ల కోసం మీరు ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ కొంచెం గుర్తు చేసుంటారు, చివర్లో ఒక కొక్కెం తగిలించుంటారు. పుస్తకంలో అవి ముప్పై సార్లు తగులుతాయి. మీ ఎడిటర్ మొదటి ఫోన్‌లోనే "ఇది సీరియల్‌గా వచ్చిందా?" అని అడిగితే పని తెలిసిన మనిషి అనుకోండి.

ఇక అసలు పరీక్ష. ముగ్గుర్ని అనుకోండి. ముగ్గురికీ ఒకే నమూనా పంపండి. 1,500 నుంచి 2,000 పదాలు చాలు, డెమ్మీ సైజు పుస్తకంలో ఆరు నుంచి ఎనిమిది పేజీలవుతుంది. మొదటి అధ్యాయం మాత్రం పంపకండి. దాన్ని మీరు ఇరవై సార్లు దిద్దుంటారు, అందులో దొరికేది తక్కువ. నవల మధ్యలోంచి, నలుగురు మనుషులు ఒకేసారి మాట్లాడే ఘట్టం, అందులో కొంచెం వర్ణన, ఒక లెక్కో తేదీయో ఉన్నది తియ్యండి. ఈ నమూనా పనికి డబ్బు ఇస్తామని ముందే చెప్పండి. ఊరికే చేయించుకుంటే ఊరికే చేసినట్టే ఉంటుంది.

ఒక ముక్క చూపిస్తాను. ఈ ప్రసంగం కోసం రాసిందే, ఎవరి నవలలోదీ కాదు.

"యాడికిరా పోతా ఉండావు మిట్టమధ్యాన్నం?" కయ్య గట్టు మింద నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచింది రవణమ్మ. ఎండ ఆమె కళ్లల్లో పొడుస్తూ ఉంది. ఆమెకు చాలా కోపం వచ్చింది. "పిలకాయలు అన్నం తినకుండా కూసోనుండారు, బిన్నా రా!"

మొదటి ఎడిటర్ చేతిలో ఇది ఇలా తిరిగొచ్చిందనుకోండి: "ఎక్కడికిరా వెళ్తున్నావు మిట్టమధ్యాహ్నం?" పొలం గట్టు మీద నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచింది రమణమ్మ. ఎండ ఆమె కళ్లల్లో పొడుస్తూ ఉంది. ఆమెకు చాలా కోపం వచ్చింది. "పిల్లలు అన్నం తినకుండా కూర్చున్నారు, త్వరగా రా!"

తొమ్మిది మార్పులు. కాగితం నిండా ఎర్రగా ఉంటుంది, చూడగానే ఎంత కష్టపడ్డాడో అనిపిస్తుంది. ఒక్కటైనా నవలకు పనికొచ్చిందా? కయ్య పోయి పొలం వచ్చింది. మన కయ్య గట్లు కట్టి నీళ్లు పెట్టిన మడి, దాని గట్టు మీద నిలబడ్డం వేరు. రవణమ్మ ఊరు వదిలి ఎటో వెళ్లిపోయింది. అసలు తప్పు మాత్రం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది.

రెండో ఎడిటర్ పంపినదాంట్లో వాక్యాల మీద ఒకే ఒక్క కొట్టివేత. "ఆమెకు చాలా కోపం వచ్చింది" కొట్టేసి, పక్కన "కోపం పిలుపులోనే వినబడుతోంది, తీసేద్దామా?" అని రాశాడు. ఇంకా మూడు ప్రశ్నలు. "కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఎండ కళ్లల్లో ఎట్లా పొడుస్తుంది?" ఇదీ అసలు తప్పు. "సంభాషణలో మింద సరే, ఇక్కడ కథకుడి వాక్యంలో కూడా మింద అని ఉంది. కింది పేరాలో కథకుడే మీద అంటున్నాడు. ఏది ఉంచాలి?" "ముందు పేజీలో రమణమ్మ, ఇక్కడ రవణమ్మ. ఊరివాళ్లు పిలిచేటప్పుడు రవణమ్మ, కథకుడికి రమణమ్మ అనుకోవచ్చా?"

ఎవరిని పెట్టుకుంటారో నేను చెప్పక్కర్లేదు.

నమూనాలు తిరిగొచ్చాక ఒక పని చెయ్యండి. మార్పులన్నీ లెక్కపెట్టి మూడు కుప్పలు పొయ్యండి. నిజంగా తప్పు దిద్దినవి ఒక కుప్ప. తప్పూ కాదు ఒప్పూ కాదు, ఆయన ఇష్టం కొద్దీ మార్చినవి ఒక కుప్ప. చెడగొట్టినవి ఒక కుప్ప. రెండో కుప్ప పెద్దదైతే ఆ ఎడిటర్ తన నవల రాసుకుంటున్నాడని అర్థం. మూడో కుప్పలో ఒకటి రెండు ఉంటే ఫోన్ చేసి మాట్లాడండి, అంతకు మించితే వదిలేయండి. ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. ఆరు పేజీల్లో ఒక్క సందేహం కూడా రాని ఎడిటర్ చదవలేదన్నమాట.

మాండలికాన్ని ముట్టుకోనివాడే మంచి ఎడిటర్ అని పొరపాటు పడకండి. మన యాస అని పేరు పెట్టుకుని ఏది పడితే అది రాస్తే ఆపాల్సింది కూడా ఎడిటరే. ఉదయగిరి పక్క పల్లె ముసలాయన ఒక పేజీలో "యాడ" అని, తర్వాత పేజీలో సినిమాలో విన్న "గాడ" అని అంటే పట్టుకోవాలి. బెంగళూరులో పుట్టి పెరిగిన మనవడు "బిన్నా" అంటే, వీడికి ఈ మాట ఎట్లా వచ్చిందని అడగాలి. నాయనమ్మ దగ్గర పెరిగుంటే వచ్చుంటుంది, అప్పుడా విషయం కథలో ఎక్కడో ఉండాలి.

గొంతు సంగతి వచ్చింది కాబట్టి ఎర్రన గురించి చెప్పుకోవాలి. మన అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. నన్నయ వదిలేసిన అరణ్యపర్వం మిగతా భాగాన్ని ఎర్రన పూరించాడు. తన పేరు ముందుకు తోసుకోకుండా రాజరాజనరేంద్రుడికే అంకితంగా నడిపాడు. నన్నయలా మొదలుపెట్టి, మెల్లమెల్లగా తిక్కన ధోరణికి తీసుకొచ్చి కలిపాడని పండితులు అంటారు. అతుకు కనబడదు. అది రచన, ఎడిటింగ్ కాదు, ఒప్పుకుంటాను. కానీ మీ వాక్యం పక్కన ఎడిటర్ ఒక వాక్యం సూచించాడనుకోండి, అది మీరే రాసినట్టు ఉందా, ఆయన రాసినట్టు ఉందా? నమూనాలో ఆ ఒక్కటి చూసుకోండి. తిక్కన చెబుతుంటే భారతం రాసిపెట్టిన రాయసగాడు గురునాథుడి కథ మీ అందరికీ తెలిసిందే. పద్యం అందక "ఏమి చెప్పుదుం గురునాథా" అని కవి అంటే, రాయసగాడు దాన్నే పద్యంలో కలుపుకున్నాడట. చెప్పుదున్, కురునాథా. ద్రుతం (చివరి నకారం) మీద కకారం గకారమైంది. సంజయుడు ధృతరాష్ట్రుడితో అంటున్న మాటగా చక్కగా అతికింది. ఐతిహ్యమే కావచ్చు. అవతలివాడి నోట్లోని మాటను చెవిపెట్టి వినడం అంటే అదీ.

కాపీ ఎడిటింగ్‌కు మనిషిని తీసుకునేటప్పుడు మన ప్రాంతం తెలిసినవాళ్లు దొరికితే ఒక మెట్టు ఎక్కువ లాభం. ఎందుకో చూడండి. కథ 1965లో ఒంగోల్లో జరుగుతోంది, మీరు "ప్రకాశం జిల్లా కలెక్టరు" అని రాశారు. తప్పు. ఒంగోలు జిల్లా ఏర్పడిందే 1970 ఫిబ్రవరి 2న, ప్రకాశం అని పేరు పెట్టింది 1972లో. 1965లో ఒంగోలు గుంటూరు జిల్లా, కందుకూరు నెల్లూరు జిల్లా, మార్కాపురం కర్నూలు జిల్లా. కందుకూరు రైతు కలెక్టరాఫీసుకు పోవాలంటే నెల్లూరు బండి ఎక్కాలి. ఇంకోటి. ఎకరాకు పది పుట్ల వడ్లు పండాయని రాశారు. మన పుట్టి 850 కిలోలు. అంటే ఎకరాకు 8,500 కిలోలు. పెన్నా డెల్టాలో మామూలుగా అంత పండదు.

రొట్టెల పండగ ఇంకా పెద్ద ఉచ్చు. బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకోని నెల్లూరు నవల ఉండదు కదా. అది మొహర్రం నెలలో వస్తుంది. హిజ్రీ సంవత్సరం మన క్యాలెండర్ కంటే సుమారు 11 రోజులు చిన్నది. పండగ ఏటా ముందుకు జరుగుతూ, ఇరవై ఏళ్లలో ఏడు నెలలు జరుగుతుంది. నవలలో అమ్మ వానలో రొట్టె పట్టుకుంది, ఇరవై ఏళ్లకు కూతురూ అదే వానాకాలంలో పట్టుకుంది అని రాస్తే భావం బాగుంటుంది, తేదీ కుదరదు. ఎడిటర్ దగ్గర కాలపట్టిక అడగండి. ఏ అధ్యాయం ఏ సంవత్సరం, ఏ నెల, ఎవరి వయసు ఎంత అని ఒక కాగితం తయారుచేసుకునే అలవాటుందా అని. లేదంటే కాపీ ఎడిటింగ్ ఇవ్వకండి.

దానితో పాటు పదాల పట్టిక కూడా ఉండాలి. వెళ్ళాడా వెళ్లాడా, చేసాడా చేశాడా, పెళ్ళా పెళ్లా. రెండూ నడుస్తున్న మాటలే, ఏదో ఒకటి పెట్టుకుని 240 పేజీలూ అదే ఉంచాలి. దీనికి కంప్యూటర్లో వెతికి మార్చడం సులువే అనిపిస్తుంది, జాగ్రత్త. రాము పేరు సోము అని మార్చాలనుకుని మొత్తం ఒక్క దెబ్బకు మార్చేశారనుకోండి. గ్రాములో కూడా రాము ఉన్నాడు. "వంద గ్రాముల బంగారం" కాస్తా "వంద గ్సోముల బంగారం" అవుతుంది. ఒక్కొక్కటీ చూసి మార్చే ఓపిక ఉన్న మనిషి కావాలి.

ప్రూఫుల దగ్గర ఇంకో సమస్య. మీరు యూనికోడ్‌లో టైపు చేస్తారు. డీటీపీ ఆయన దాన్ని యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మారుస్తాడు. మారేటప్పుడు కంటికి కనబడని విడదీసే గుర్తు పోతుంది. సెల్‌ఫోన్ వెళ్లి సెల్ఫోన్ అవుతుంది, ఇన్‌స్పెక్టర్‌కు ఒత్తులు ఒకదాని కింద ఒకటి వేలాడతాయి. కొన్ని సంయుక్తాక్షరాలు చెదురుతాయి. కాబట్టి ప్రూఫులు దిద్దే మనిషి మార్పిడి అయ్యాక వచ్చిన పేజీల మీదే, మీ ఫైలు పక్కన పెట్టుకుని చదవాలి. ముందే దిద్దేశాం కదా అని ఈ మెట్టు దాటెయ్యడానికి లేదు.

వ్యవధి గురించి. 60,000 పదాల నవల అనుకుందాం. పేజీకి 250 పదాల లెక్కన 240 పేజీలు. శ్రద్ధగా వాక్యాలు చూసే మనిషి గంటకు వెయ్యి పదాలు చూస్తే గొప్ప. అంటే అరవై గంటలు. ఈ పని రోజుకు నాలుగైదు గంటలు మించి చేస్తే కళ్లు దాటేస్తాయి. ఒకసారికి రెండు వారాలు, మీ జవాబులు వచ్చాక రెండోసారికి ఇంకో వారం, పది రోజులు. "మూడు రోజుల్లో ఇచ్చేస్తా సార్" అన్నారంటే చదవరు, తిప్పుతారు. రేటు కూడా ఈ గంటల లెక్కలోనే ఆలోచించండి. ఆయన అడిగిన మొత్తాన్ని అరవైతో భాగించి చూస్తే, న్యాయంగా ఉందో లేదో, మరీ చవగ్గా ఉంటే ఎందుకుందో మీకే అర్థమవుతుంది.

మాట అనుకున్నాక ఒక పేజీ కాగితం రాసుకోండి. స్నేహితుడైతే మరీ రాసుకోండి. నాలుగు పనుల్లో ఏది, ఎన్ని విడతలు, ఏ తేదీకి, డబ్బు ఎలా. మొదట మూడో వంతు, మొదటి విడత చేతికొచ్చాక మూడో వంతు, చివర మిగతాది అన్నది ఇద్దరికీ భయం లేని పద్ధతి. కాపీరైటు మీదేనని, ఆయన సూచించిన వాక్యాల మీద కూడా హక్కు మీదేనని ఒక వాక్యం. ప్రతి మార్పూ కనబడేట్టు, వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్ పెట్టే చెయ్యాలని ఇంకో వాక్యం. మార్పులు కనబడకుండా శుభ్రమైన ఫైలు పంపిస్తే ఏం పోయిందో మీకు ఏనాటికీ తెలియదు. కాగితం మీదే అయితే ఏ4లో, వరసల మధ్య రెట్టింపు ఖాళీతో, ఎడమ పక్క రెండంగుళాలు వదిలి ప్రింటు తీసివ్వండి.

మీరు చేసే తప్పు కూడా ఒకటుంది. ఫైలు ఎడిటర్‌కు ఇచ్చేసి ఇంట్లో మళ్లీ రాస్తూ కూర్చుంటారు. నెల తిరిగేసరికి రెండు నవలలు తయారవుతాయి, ఆయన దిద్దింది ఒకటి, మీరు మార్చింది ఒకటి. కలపడం ఎవరి తరమూ కాదు. ఇచ్చాక ముట్టుకోవద్దు. ఏదైనా తోస్తే నోటుబుక్కులో అధ్యాయం సంఖ్య వేసి రాసి పెట్టుకోండి.

ఎడిటర్ పనిచేసిన నవలలు రెండు అడిగి తెచ్చుకుని చదవండి. ఆ రచయితలకు ఫోన్ చేసి "బాగా చేశాడా" అని అడక్కండి, అవునంటారు. "మీ ఇద్దరికీ ఎక్కడ పడలేదు? అప్పుడేం చేశాడు?" అని అడగండి. ఎక్కడా పడకపోవడం ఉండదు. పడని చోట కారణం చెప్పి నిర్ణయం రచయితకు వదిలేశాడంటే ఆ మనిషి నంబరు దాచుకోండి.

నా మాట అయిపోయింది. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి: పల్లెలో ఉంటాను. ఎడిటర్‌కు ఇంత డబ్బు పెట్టలేను. ఏం చెయ్యాలి?)

అమ్మా, మీకు నాలుగు పనులూ డబ్బిచ్చి చేయించుకోవాల్సిన అవసరం లేదు. డబ్బు కొంచెమే ఉంటే మొదటి పని మీద పెట్టండి. మొత్తం నవల కాదు, ఐదు పేజీల కథా సంగ్రహం, మూడు అధ్యాయాలు ఇచ్చి నివేదిక ఒక్కటే అడగండి, ఖర్చు బాగా తగ్గుతుంది. వాక్యాల పనికి ఇంకో నవల రాస్తున్నవాళ్లతో చెయ్యిమార్పు చేసుకోవచ్చు, మీది వాళ్లు, వాళ్లది మీరు. ఒకేసారి మొత్తం కాకుండా వారానికి ఇరవై పేజీలు. ప్రూఫులకు మాత్రం ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఉంటే కూర్చోబెట్టి బయటికి చదివించండి, మీరు కాగితం చూస్తూ వినండి. ఆ పిల్ల తడబడిన ప్రతి చోటా పెన్సిలుతో ఒక చుక్క పెట్టండి. చదవడం ఆపి మీతో వాదన పెట్టుకున్న చోట రెండు చుక్కలు.